చంటిపాప ఉన్న ఇంట్లో గాలి: ప్యూరిఫయర్ కంటే ముందు ఆపాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పాపకు 14 నెలలు, బరువు 8 కిలోలు, రెండు నెలలుగా పెద్దగా పెరగలేదు. నెలకోసారి జలుబు, దగ్గు. హైదరాబాద్‌లో రోడ్డుకు కాస్త లోపలగా రెండు బెడ్‌రూముల ఫ్లాట్. రోజూ పూజకు అగరబత్తులు, తలంటి పోసినప్పుడల్లా సాంబ్రాణి, రాత్రి దోమల కాయిల్, తలుపులు బిగించి ఏసీ. వేసవిలో రెండు నెలలు అమ్మమ్మగారి ఊళ్లో, కట్టెల పొయ్యి దగ్గర. "ఇంట్లో గాలి వల్లే పాప ఎదగడం లేదా? ఇరవై వేలు పెట్టి ఎయిర్ ప్యూరిఫయర్ కొనమంటారా?"

ప్యూరిఫయర్ ఇప్పుడే కొనకండి. పాప పడుకునే గదిలో కాలేవి ఒక్కొక్కటిగా ఆపండి. కిటికీలకు జాలీ, మంచానికి దోమతెర కట్టండి. ఈ రెండింటికీ మూడు నాలుగు వేలు మించదు, గాలిలో తేడా మాత్రం మొదటి రాత్రే తెలుస్తుంది. దగ్గు, పిల్లికూతలు తగ్గే అవకాశం బాగా ఉంది. బరువు సంగతి వేరు. దాన్ని గాలి మీద తోసేసి ఊరుకోకూడదు, ఎందుకో కింద చెబుతాను.

ముందు కాస్త ఊరట. 14 నెలల ఆడపిల్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) ఎదుగుదల పట్టిక ప్రకారం మధ్య బరువు 9.4 కిలోలు, కింది హద్దు 7.4. అంటే 8 కిలోలు తక్కువ వైపే అయినా, పట్టికలో మామూలు బరువుకు వేసే పచ్చరంగు లోపలే ఉంది. అంగన్‌వాడీలో ఇచ్చే తల్లీబిడ్డల కార్డులో ఆ పట్టిక ఉంటుంది. ఒక్క తూకం చూసి కంగారు పడనక్కర్లేదు, చూడాల్సింది నెలనెలా తూకాల చుక్కలు కలిపిన గీత ఎటు పోతోందో. పైకి పోతున్న గీత రెండు మూడు నెలలు అడ్డంగా సాగితే అప్పుడు కారణం వెతకాలి. జలుబు కూడా అంతే. ఈ వయసు పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలే. ఒకటి తగ్గకముందే ఇంకోటి మొదలవుతోందా, ప్రతిసారీ ఛాతీలోకి దిగుతోందా అన్నది గమనించండి.

పిల్లలకే ఎందుకు ఎక్కువ నష్టం? మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తే ఏడాది పాప 25, 30 సార్లు తీస్తుంది. ఒంటి బరువుతో పోలిస్తే మనకంటే రెట్టింపుకు పైగా గాలి లోపలికి పోతుంది. పైగా ఊపిరితిత్తుల్లో గాలి మార్చుకునే చిన్న చిన్న తిత్తులు పుట్టేనాటికి కొన్నే ఉంటాయి, ఎక్కువ భాగం పుట్టిన తర్వాతే, ముఖ్యంగా మొదటి రెండు మూడేళ్లలో ఏర్పడతాయి. కట్టడం సాగుతున్న ఇంట్లోకి పొగ పంపినట్టే ఇది. ఇక ఆ పాప రోజుకు 12, 13 గంటలు ఒకే గదిలో నిద్రపోతుంది, మెలకువగా ఉన్నంతసేపూ నేల మీద పాకి, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటుంది.

పొగలో అసలు హాని చేసేది పీఎం 2.5 అనే సన్నని నుసి. వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. ఘనపు మీటరు గాలిలో ఒక రోజుకు 15 మైక్రోగ్రాములు దాటకూడదని డబ్ల్యూహెచ్‌ఓ 2021లో చెప్పింది, మన దేశపు హద్దు 60. తలుపులు వేసిన గదిలో ఏదైనా కాలుతుంటే ఈ రెండు హద్దులూ నిమిషాల్లో దాటిపోతాయి.

మొదట ఆపాల్సింది దోమల కాయిల్. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే పీఎం 2.5, 75 నుంచి 137 సిగరెట్ల పొగకు సమానమని 2003లో అచ్చయిన పరిశోధనలో కొలిచి చూపారు. కాయిల్‌లో దోమల మందు చాలా కొద్ది. మిగతాదంతా రంపపు పొట్టు, కొబ్బరి చిప్పల పొడి లాంటివి, అవి ఏడెనిమిది గంటలు రాజుకుంటూనే ఉంటాయి. "పొగ రాని" కాయిల్ అని అమ్మేవాటిలో కంటికి కనబడే పొగ తగ్గుతుందే తప్ప కాలడం ఆగదు కదా. కాయిల్‌కు బదులు ప్లగ్గులో పెట్టే లిక్విడ్ మెరుగే, అందులో ఏదీ కాలదు. కానీ దాన్ని కూడా తలుపులు బిగించి రాత్రంతా పాప తల దగ్గర వెలిగించకూడదు. సాయంత్రం పాప వేరే గదిలో ఉన్నప్పుడు ఓ గంట పెట్టి, ఆపి, కిటికీ తెరిచి, తర్వాత పడుకోబెట్టండి.

వీటన్నిటికంటే దోమతెర మేలు. దోమతెర ఉంటే కాయిల్ అక్కర్లేదు, కాయిల్ లేకపోతే పొగ లేదు, దోమలు రావన్న ధీమా ఉంటే రాత్రి కిటికీ తెరిచి ఉంచుకోవచ్చు. ఒక్క గుడ్డముక్క మూడు పనులు చేస్తుంది. తెర అంచులు పరుపు కిందికి దోపాలి. పాప పొర్లుతూ వచ్చి తెరకు ఆనుకుంటే దోమ బయటి నుంచే కుడుతుంది, కాబట్టి తెర పరుపు కంటే కాస్త వెడల్పు ఉండాలి. కిటికీలకు వెల్‌క్రోతో అంటించే ఫైబర్ జాలీ చాలు. నెలకోసారి ఊడదీసి కడగండి, దుమ్ము పేరుకున్న జాలీలోంచి గాలి సరిగా రాదు.

సాంబ్రాణి. ఇది చెప్పడం కష్టమని తెలుసు, ఇంట్లో పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. పూర్వం దీనికి కారణం ఉండేది. నలుగు పెట్టి తలంటి పోశాక తడి త్వరగా ఆరాలి, పిల్లకు చలి పుట్టకూడదు, దోమ, పురుగూ దగ్గరికి రాకూడదు. అది కూడా నాలుగు వైపులా గాలి ఆడే వసారాలో వేసేవారు. ఇప్పుడు అదే ధూపం పదికి పన్నెండు అడుగుల గదిలో, కిటికీ మూసి, గంప బోర్లించి పిల్ల తలను దాని మీద పెట్టి వేస్తున్నారు. నిప్పుల మీద సాంబ్రాణి పొడి పడగానే లేచే తెల్లటి మబ్బు నేరుగా పిల్ల ముక్కు కిందే ఉంటుంది. ఆ నిప్పుల నుంచి కంటికి కనబడని విషవాయువు, కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. కప్పు సాంబ్రాణిలోనూ ఉండేది బొగ్గుపొడే, పైగా సెంటు కలుస్తుంది.

అత్తగారితో "మానేయండి" అని అనక్కర్లేదు. ఇలా చేయవచ్చు. పాప తలను మెత్తని పాత కాటన్ చీరముక్కతో రెండుసార్లు అద్ది, ఉదయపు నీరెండలో పది నిమిషాలు ఒళ్లో కూర్చోబెట్టుకోండి, తడి ఆరిపోతుంది. ధూపం వేయాల్సిందే అంటే బాల్కనీలో ఖాళీ ఉయ్యాలకు వేసి, పొగంతా పోయాక అరగంట ఆగి పాపను తీసుకురండి. ఆచారం జరిగినట్టూ ఉంటుంది, పిల్ల ఊపిరికీ నష్టం ఉండదు. చాలా ఇళ్లలో ఈ రాజీకి పెద్దవాళ్లు ఒప్పుకుంటారు.

అగరబత్తి కూడా ఇదే కోవ. దీపం వెలిగించండి, అగరబత్తి తులసికోట దగ్గరో బాల్కనీలోనో గుచ్చండి. లోపలే వెలిగించాలంటే ఒకే పుల్ల, అదీ సగానికి విరిచి, కిటికీ తెరిచి. హారతి కర్పూరం క్షణాల్లో ఆరిపోతుంది, దాని పొగ గురించి నాకంత బెంగ లేదు. బెంగ ఆ బిళ్లల డబ్బా గురించి. చిన్నపిల్లలు కర్పూరం మింగితే నిమిషాల్లో ఫిట్స్ రావచ్చు. డబ్బా పూజ గూట్లో కింది అరలో ఉంటే ఇవాళే పైకి మార్చండి.

బీరువాలో వేసే కలరా ఉండలు కూడా తీసేయండి. నాఫ్తలీన్ ఆవిరి బట్టలకు పట్టి ఉంటుంది. జీ-సిక్స్-పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకు ఆ బట్టలు తొడిగితే ఎర్రరక్తకణాలు పగిలి పచ్చకామెర్లు, రక్తహీనత రావచ్చు. ఆ లోపం ఉన్నట్టు చాలామందికి ముందుగా తెలియదు. దాచిన బట్టలు తీసి తొడిగేముందు ఉతికి, రోజంతా ఎండలో ఆరబెట్టండి.

సిగరెట్ గురించి మీరు రాయలేదు. ఇంట్లో ఎవరైనా తాగుతుంటే మాత్రం పై జాబితాలో అదే మొదటిది. బాల్కనీలో తాగినా పొగ లోపలికే వస్తుంది, చొక్కాకూ జుట్టుకూ పట్టినది పాపను ఎత్తుకోగానే ఆమె ముక్కు దగ్గర ఉంటుంది. తాగి వస్తే చొక్కా మార్చి, ముఖం, చేతులు కడుక్కున్నాకే ఎత్తుకోవాలి. పొగతాగే ఇళ్లలో పిల్లలకు చెవిపోటు, ఆయాసం ఎక్కువ రావడం ఎన్నో దేశాల్లో రుజువైన విషయం.

వంటగది. గ్యాసు పొయ్యి కట్టెల కంటే ఎన్నో రెట్లు నయం. అయినా నూనె పొగ, తాలింపు ఘాటు ఉంటాయి, మంట నుంచి నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది. మంట నీలంగా ఉండాలి. పసుపు నాలుకలు కనిపిస్తే, గిన్నె అడుగు నల్లబడుతుంటే బర్నర్ రంధ్రాలు మూసుకున్నాయని అర్థం. బర్నర్ తీసి వేడి సబ్బునీళ్లలో నానబెట్టి, సూదితో రంధ్రాలు పొడిచి, పూర్తిగా ఆరాక బిగించండి.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ లెక్క సులువు. ఎనిమిదికి పది అడుగుల వంటగది, పది అడుగుల ఎత్తు అంటే 800 ఘనపుటడుగులు, సుమారు 23 ఘనపు మీటర్లు. గంటకు 15 నుంచి 20 సార్లు ఆ గాలి మారాలంటే 350 నుంచి 450 ఘనపు మీటర్లు లాగే ఫ్యాన్ కావాలి. డబ్బా మీద రాసే సంఖ్య అడ్డేమీ లేకుండా కొలిచినది, జాలీ, జిడ్డు, గొట్టం అడ్డుపడితే సగానికి పడిపోతుంది. అందుకే రెట్టింపు సంఖ్య ఉన్నది చూసుకోండి. పొయ్యి వెలిగించడానికి ఐదు నిమిషాల ముందు వేసి, వంటయ్యాక పదిహేను నిమిషాలు తిరగనివ్వండి. ఫ్యాన్ బయటికి తోసినంత గాలి ఇంకో వైపు నుంచి లోపలికి రావాలి, కాబట్టి ఎదురుగా ఒక కిటికీ జానెడు తెరిచి ఉండాలి. ఇది మరచిపోతే ఫ్యాన్ మోత తప్ప పని జరగదు.

చిమ్నీ ఉంటే గొట్టం బయటికి పెట్టినదే పనికొస్తుంది. గొట్టం లేనివి నూనె జిడ్డును పట్టుకుని మిగతా గాలిని మళ్లీ మీ ముఖానే వదులుతాయి. బిగించేవాళ్లు చేసే తప్పులు రెండు: ఆరంగుళాల గొట్టాన్ని నాలుగంగుళాల రంధ్రంలోకి కుదించడం, మూడు నాలుగు వంపులు తిప్పడం. రెండింటి వల్లా లాగుడు పోతుంది. పొయ్యికీ చిమ్నీకీ మధ్య 65 నుంచి 75 సెంటీమీటర్లు ఉండాలి. టిష్యూ కాగితం చిమ్నీ జాలీ దగ్గర పెట్టి వదలండి, అంటుకుని నిలిస్తే లాగుతున్నట్టు, జారిపోతే లేనట్టు. అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కుంది. అందరి ఫ్యాన్లూ ఒకే డక్టులోకి వదిలితే కింది ఇంటి పొగ మీ బాత్రూమ్ కిటికీలోంచి లోపలికొస్తుంది. మీ ఇంట్లో వంట లేని వేళ వేపుడు వాసన వస్తోందంటే అదే. ఆ కిటికీ మూసి ఉంచండి.

తాలింపు, వేపుడు జరిగే పది నిమిషాలూ పాప వంటగదిలో ఉండకూడదు. చంకనెత్తుకుని పోపు వేయడం మన ఇళ్లలో మామూలు, కానీ అప్పుడు పాప ముఖం సరిగ్గా పొగ దారిలో ఉంటుంది. నూనె చిట్లే ప్రమాదం ఎలాగూ ఉంది.

ఏసీ గది విషయంలో చాలామందికి ఒక అపోహ: ఏసీ బయటి నుంచి మంచిగాలి తెస్తుందని. స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలి చుక్క కూడా రాదు. పదికి పన్నెండు గదిలో 34 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. ఇద్దరు పెద్దలు, ఒక పాప నిద్రలో గంటకు దాదాపు 30 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. బయట 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో 420) ఉండే ఈ వాయువు, బిగించిన గదిలో తెల్లవారేసరికి 2000 దాటి 3000 వైపు పోతుంది. ఆ అంకెలో ఆ వాయువు విషమేమీ కాదు. కానీ గాలి మారడం లేదనడానికి అది కొలబద్ద: కాయిల్ పొగ, లిక్విడ్ ఆవిరి, ఒకరి దగ్గు నుంచి వచ్చే క్రిములు, అన్నీ అలాగే పేరుకుంటున్నాయి. పొద్దున లేవగానే తల బరువుగా, గది మగ్గినట్టుగా అనిపించేదీ అందుకే.

చేయాల్సిందల్లా గది తలుపు బెత్తెడు తెరిచి, హాల్లో ఒక కిటికీ తీసి ఉంచడం. ఏసీ 25, 26 మీద పెట్టి ఫ్యాన్ సన్నగా తిప్పితే కరెంటు బిల్లు కూడా పెద్దగా పెరగదు. ఏసీ ముందు భాగంలోని జాలీ రెండు వారాలకోసారి నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. ఏసీ వేయగానే మగ్గిన వాసన వస్తే నీరు పోయే గొట్టం మూసుకుని లోపల బూజు పట్టిందని. అప్పుడు జాలీ కడిగితే సరిపోదు, మెకానిక్‌తో లోపలి కాయిల్, ట్రే శుభ్రం చేయించాలి.

కిటికీలు ఎప్పుడు తీయాలన్నది కూడా ముఖ్యమే. "తెల్లవారుజామున స్వచ్ఛమైన గాలి" అన్న మాట చలికాలపు హైదరాబాద్‌కు వర్తించదు. డిసెంబరు, జనవరిల్లో రాత్రి చల్లబడిన గాలి నేల మీదే నిలిచిపోయి, వాహనాల పొగ, చెత్త తగలబెట్టిన పొగ ఉదయం తొమ్మిదింటిదాకా కిందే ఉంటాయి. ఎండెక్కాక, పదకొండు నుంచి నాలుగు మధ్య, గాలి పైకి కలిసి పలుచబడుతుంది. చలికాలంలో ఆ వేళల్లో అన్నీ బార్లా తెరవండి. వర్షాకాలంలో ఎప్పుడు తెరిచినా ఫరవాలేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో సనత్‌నగర్, జూ పార్క్, బొల్లారం లాంటి కేంద్రాల అంకెలు గంట గంటకూ వస్తాయి. మీకు దగ్గరది చూసి నిర్ణయించుకోండి.

చెమ్మ, బూజు. బాత్రూముకు ఆనుకున్న గోడ, బీరువా వెనక గోడ తడిమి చూడండి. సున్నం ఉబ్బి రాలుతుంటే, నల్ల చుక్కలుంటే దాని మీద రంగు వేసి దాచకండి. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో ముందు పట్టుకోవాలి: పైపు కారడం, కిటికీ పైన పగులు, పై అంతస్తు బాత్రూము. అది ఆపి, ఆరాక, సబ్బునీళ్లతో రుద్ది కడగాలి. పొడిగా దులిపితే బూజు ధూళి గదంతా లేస్తుంది, పాపను ఆ పూట వేరే ఇంట్లో ఉంచండి. బీరువా గోడకు నాలుగు వేళ్ల ఎడం ఉండాలి. తేమ 60 శాతం దాటకుండా చూడండి, కొలిచే చిన్న మీటరు నాలుగైదు వందలకు దొరుకుతుంది. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్లలో ఉతకండి, 60 డిగ్రీల్లో దుమ్ము పురుగులు చస్తాయి. బొంతలు ఎండలో వేసి, ఇంటికి దూరంగా దులపండి. ఇల్లు ఊడ్చేటప్పుడు పొడి చీపురు కంటే తడిగుడ్డ నయం. పాత ఇల్లయితే గోడల రంగు గీకించే పని పెట్టుకోకండి. రంగుల్లో సీసానికి 90 పీపీఎం హద్దు 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగు పెచ్చుల్లో సీసం ఉండొచ్చు, అది పిల్లల మెదడుకు చేటు.

ఇక అమ్మమ్మగారి ఊరు. మన పల్లెల్లో ఇప్పుడు వంట చాలావరకు గ్యాసు మీదే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 91.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం ఇళ్లు వంటకు గ్యాసులాంటి శుభ్రమైన ఇంధనమే వాడుతున్నట్టు తేలింది. మిగిలిపోయింది నీళ్ల పొయ్యి. పత్తికట్టె, కందికట్టె, మధ్యలో రాజేయడానికో పాలిథిన్ కవరు. పొద్దున్నే ఆ పొయ్యి పక్కనే పిల్లకు స్నానం, వెచ్చగా ఉంటుందని. రోజు మొత్తంలో పాప పీల్చే పొగలో చాలా భాగం ఆ అరగంటలోనే లోపలికి పోవచ్చు.

పాప స్నానానికి రెండున్నర లీటర్లు బాగా మరిగించి చన్నీళ్లు కలుపుకుంటే చాలు. దానికి 30 గ్రాముల గ్యాసు కూడా పట్టదు, నెలంతా కలిపి కిలో లోపే. 14.2 కిలోల సిలిండర్‌లో అది ఏ మూలకు? పెద్దవాళ్ల నీళ్లు కట్టెల మీద కాచుకున్నా సరే, పాప నీళ్లు గ్యాసు మీద కాచమని అమ్మగారితో చెప్పండి. కట్టెల పొయ్యి పెరట్లో, గాలి ఇంటి నుంచి బయటికి వీచే వైపు ఉండాలి. కట్టె బాగా ఎండినదై ఉండాలి, పచ్చికట్టె పొగే పొగ. ప్లాస్టిక్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పొయ్యిలో వేయనివ్వకండి.

మరో మాట గట్టిగా చెప్పాలి. చలికాలంలో బాలింత మంచం కింద నిప్పుల కుంపటి పెట్టే అలవాటు ఇంకా ఉంది. తలుపులు మూసిన గదిలో అది ప్రాణం తీస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లకు లేవాలన్న స్పృహ కూడా రాదు. బాత్రూము లోపల బిగించిన గ్యాస్ గీజరు కూడా ఇలాంటిదే, అది బయటే ఉండాలి.

ఇప్పుడు ఎదుగుదల. పొగ ఉన్న ఇళ్లలో పిల్లలు పొట్టిగా, బరువు తక్కువగా ఉంటారని ఎన్నో సర్వేలు చూపాయి. కానీ ఆ ఇళ్లలో పేదరికం, తిండి కొరత, శుభ్రమైన నీళ్లు లేకపోవడం కూడా ఉంటాయి కదా, ఏది ఎంత అని ఎలా తేల్చడం? దీన్ని తేల్చడానికే హాపిన్ అనే పెద్ద ప్రయోగం జరిగింది. మన పక్క తమిళనాడు, గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో 3,200 మంది గర్భిణుల్లో సగంమందికి గ్యాసు పొయ్యి, ఏడాదిన్నర పాటు ఉచితంగా గ్యాసు ఇచ్చారు. వాళ్లు పీల్చే పీఎం 2.5 సుమారు 70 నుంచి 24 మైక్రోగ్రాములకు దిగింది. అయినా 2022, 2024లలో వచ్చిన ఫలితాల్లో పుట్టిన బరువులో గానీ, ఏడాదికి ఎత్తులో గానీ, తీవ్ర న్యుమోనియాలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మన రాష్ట్రాల లెక్క కూడా అలాగే ఉంది: 91.8 శాతం ఇళ్లలో శుభ్రమైన ఇంధనం ఉన్న తెలంగాణలోనే ఐదేళ్ల లోపు పిల్లల్లో 33.1 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేరు.

అందుకే "గాలి మారిస్తే పిల్ల ఎత్తు పెరుగుతుంది" అని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. ఊపిరితిత్తుల సంగతి మాత్రం వేరు. దక్షిణ కాలిఫోర్నియాలో రెండు దశాబ్దాల పాటు పిల్లల ఊపిరి బలాన్ని కొలుస్తూ వచ్చారు. గాలి శుభ్రపడిన కొద్దీ తర్వాతి తరం పిల్లల ఊపిరితిత్తులు మెరుగ్గా పెరిగాయని 2015లో ప్రకటించారు. నేను పొగ ఆపమనేది అందుకు. బరువు మీద గాలి ప్రభావం ఉంటే అది చాలావరకు చుట్టుతిరుగుడుగా ఉంటుంది: మాటిమాటికీ దగ్గు, ముక్కు మూసుకుని సరిగా తినలేకపోవడం, తాగిన పాలు దగ్గుతో కక్కేయడం, నిద్ర చెడటం.

కాబట్టి బరువుకు తిండినే ముందు చూడండి. ఈ వయసులో మూడు పూటలా అన్నం, మధ్యలో రెండుసార్లు ఏదైనా. పప్పన్నంలో చెంచా నెయ్యి, రోజూ గుడ్డు. పప్పు కట్టు, చారు నీళ్లతో కడుపు నిండితే బరువు రాదు. డబ్బా పాలు, గేదె పాలు రోజుకు అర లీటరు దాటితే అన్నం తినదు, ఐరన్ కూడా తగ్గుతుంది. ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి, 11 కంటే తక్కువ ఉంటే ఐరన్ చుక్కల గురించి డాక్టరును అడగండి. న్యుమోనియా నుంచి కాపాడే న్యుమోకోకల్ టీకా మూడు డోసులు, ఆరు వారాలు, పద్నాలుగు వారాలు, తొమ్మిదో నెలలో పడ్డాయో లేదో కార్డులో చూడండి. సర్కారు దవాఖానాల్లో ఇది ఉచితం.

దగ్గు వచ్చినప్పుడు పాప నిద్రలోనో, నెమ్మదిగా ఉన్నప్పుడో చొక్కా పైకెత్తి పూర్తి ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. ఏడాది దాటిన పిల్లకు 40, ఏడాది లోపు 50, రెండు నెలల లోపు 60 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఊపిరి లోపలికి తీసినప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతుంటే, మనవాళ్లు డొక్కలు ఎగరేస్తోందంటారే, లేదా పాలు తాగలేకపోతుంటే, పెదవులు నీలంగా ఉంటే, మత్తుగా పడి ఉంటే రాత్రయినా ఆగొద్దు. కర్పూరం కలిసిన బామ్ రెండేళ్ల లోపు పిల్లలకు రాయకూడదు.

ఇవన్నీ చేశాక కూడా మెయిన్ రోడ్డు దుమ్ము వల్లనో, పాపకు ఆస్తమా తేలడం వల్లనో ప్యూరిఫయర్ కావాలనిపిస్తే, చూడాల్సింది ఒక్కటే సంఖ్య: సీఏడీఆర్, అంటే గంటకు ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందని. 34 ఘనపు మీటర్ల గదిలో గంటకు ఐదుసార్లు గాలి శుభ్రపడాలంటే 170 కావాలి. అది పెద్ద స్పీడు మీద ఇచ్చే అంకె, మోతకు భయపడి రాత్రి చిన్న స్పీడులో పెడతారు కాబట్టి 250, 300 ఉన్నది తీసుకోండి. సన్నని నుసిని పట్టే హెపా ఫిల్టర్ ఉండాలి, ఓజోన్ వదిలేవి, అయాన్ల పేరుతో అమ్మేవి వద్దు. ఫిల్టర్ మార్చే ఖర్చు ముందే అడగండి. గదిలో కాయిల్ వెలిగించి పక్కన ప్యూరిఫయర్ పెట్టినా అది కార్బన్ మోనాక్సైడ్‌ను తీయలేదు. మనీప్లాంటు, పాముమొక్క కుండీలు అందానికి బాగుంటాయి, నాలుగైదు కుండీలతో గది గాలి శుభ్రపడదు.

చివరిగా, మీ ప్రశ్నలో లేని ఒక విషయం తప్పక చూసుకోండి. పాపను రోజూ ఎత్తుకునే తాతయ్యకో, నానమ్మకో, పనిమనిషికో రెండు వారాలు దాటిన దగ్గు ఉందా? టీబీ కూడా ఇంటి గాలి ద్వారానే వస్తుంది, గాలి ఆడని గదిలో మరీ తేలిగ్గా. చిన్నపిల్లల్లో అది కళ్లెతో, రక్తంతో కనబడదు. తగ్గని దగ్గు, సన్న జ్వరం, పెరగని బరువు, అంతే. పెద్దవాళ్లకు కళ్లె పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చేస్తారు. పాప దగ్గు కూడా రెండు వారాలు దాటి, వచ్చే నెల తూకంలో గీత ఇంకా అడ్డంగానే ఉంటే పిల్లల డాక్టరుతో ఈ మాట మీరే ఎత్తండి.